స్క్రిప్టులో రాసిన సీడీ కమాండ్ ఎందుకు పనిచేయదు?

పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు రాసి చూసే లైన్ ఒకటుంది. ఓఎస్.సిస్టమ్ అనే ఫంక్షన్‌కి సీడీ కమాండ్ ఇచ్చి ఫలానా ఫోల్డర్‌లోకి వెళ్లమంటారు. ఎర్రర్ రాదు. ఫంక్షన్ వెనక్కిచ్చే విలువ కూడా సున్నా, అంటే పని సవ్యంగా జరిగిందనే. తీరా తర్వాతి లైన్‌లో ఆ ఫోల్డర్‌లోని ఫైల్‌ని తెరవబోతే అలాంటి ఫైలే లేదంటుంది.

సున్నా అబద్ధం చెప్పలేదు. ఫోల్డర్ నిజంగానే మారింది, కాకపోతే మారింది స్క్రిప్టుకి కాదు. ఆ లైన్ దగ్గరికి రాగానే ఒక కొత్త ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పుట్టింది. అందులో ఒక షెల్, అంటే కమాండ్లని చదివి నడిపించే ప్రోగ్రామ్, నడిచింది. ఆ షెల్ తన ఫోల్డర్‌ని తను మార్చుకుని, ఇంకేం పని లేదు కాబట్టి ముగిసిపోయింది. మార్పు కూడా దానితోనే పోయింది.

ఇది ఇవాళ్టి చిక్కు కాదు. పీడీపీ-7 మెషీన్ మీద యూనిక్స్ తొలి రూపం తయారవుతున్న రోజుల్లో ఫోర్క్ అనే సిస్టమ్ కాల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని అడిగే పిలుపుని) చేర్చారు. నడుస్తున్న ప్రాసెస్‌కి నకలు తీసి రెండో ప్రాసెస్‌ని పుట్టించడం దాని పని. 27 లైన్ల అసెంబ్లీ కోడ్‌తో అయిపోయింది. అంతా సంబరపడుతుండగా ఫోల్డర్ మార్చే కమాండ్ పనిచేయడం మానేసిందని గమనించారు. కోడ్ చదివి చదివి తలలు పట్టుకున్నాక గానీ సంగతి తట్టలేదని యూనిక్స్ రూపకర్తల్లో ఒకరైన డెనిస్ రిచీ తర్వాత రాశారు. అంతకుముందు ఒక టెర్మినల్‌కి ఒకే ప్రాసెస్, కాబట్టి ఆ కమాండ్ దాని ఫోల్డర్‌నే మార్చేది. ఫోర్క్ వచ్చాక ప్రతి కమాండ్‌కీ వేరే ప్రాసెస్. ఫోల్డర్ మార్చే కమాండ్ తన సొంత ప్రాసెస్ ఫోల్డర్‌ని బుద్ధిగా మార్చుకుని మాయమైపోయేది. అందుకే సీడీ షెల్ లోపలే ఉండాల్సిన కమాండ్ అయింది.

యూనిక్స్ రాసినవాళ్లకే అంతసేపు అంతుపట్టనిది మనకి మొదటిసారే అర్థం కాకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఒకసారి అర్థమైతే మాత్రం దాని వెనకే ఇంకో పది చిక్కులు విడిపోతాయి. స్క్రిప్టు నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌తో పని చేయించుకునేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండే: ఈ పని ఏ ప్రాసెస్‌లో జరుగుతోంది? రెండు ప్రాసెస్‌ల మధ్య ఉన్న గోడని ఏవి దాటగలవు?

గోడ దాటేవి

దాటేవి చాలా కొద్ది. కొత్త ప్రాసెస్ పుట్టేటప్పుడు దానికి ఇచ్చే ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కి (ప్రాసెస్ వెంట ఉండే పేరు-విలువ జతలకి) ఒక నకలు, ప్రస్తుత ఫోల్డర్ ఏదన్నది, తెరిచి ఉన్న ఫైళ్లు, పైపులు (ఒక ప్రాసెస్ రాసింది ఇంకోటి చదువుకునే దారులు). ఇవి పుట్టించిన ప్రాసెస్ (పేరెంట్) నుంచి పుట్టినదానికి (చైల్డ్‌కి) వెళ్తాయి. తిరుగు దారి ఇంకా సన్నం: పని ఎలా ముగిసిందో చెబుతూ చనిపోయేటప్పుడు వదిలే ఒక అంకె (ఎగ్జిట్ కోడ్), బతికున్నంతసేపు పైపుల్లోకో ఫైళ్లలోకో రాసిన బైట్లు. అంతే. ఎన్విరాన్‌మెంట్ నకలే వెళ్తుంది కాబట్టి చైల్డ్‌లో ఏ వేరియబుల్ మార్చినా పేరెంట్‌కి తెలియదు. స్క్రిప్టులోంచి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి విలువ పెట్టే ఎక్స్‌పోర్ట్ కమాండ్ నడిపి, తర్వాత ఆ విలువ కోసం వెతికేవాళ్లకి ఎదురయ్యేది సీడీ సమస్యే, పేరు మారిందంతే.

మరి ఫోల్డర్ మార్చాలంటే? ఓఎస్.సీహెచ్‌డిర్ ఉంది. అది కొత్త ప్రాసెస్‌ని పుట్టించదు, మన ప్రాసెస్ ఫోల్డర్‌నే మారుస్తుంది. చిన్న స్క్రిప్టుకి బాగానే ఉంటుంది గానీ, ప్రస్తుత ఫోల్డర్ అనేది ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే. ఒక థ్రెడ్ (అదే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) మారిస్తే మిగతా థ్రెడ్లన్నిటికీ మారిపోతుంది. వేరే ప్రోగ్రామ్‌ని ఒక ఫోల్డర్‌లో నడపడమే కావలసిందైతే, సబ్‌ప్రాసెస్.రన్ ఫంక్షన్‌కి ఆ ఫోల్డర్‌ని సీడబ్ల్యూడీ ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వడం మేలు. మన ఫోల్డర్ కదలదు, చైల్డ్ మాత్రం అక్కడ పుడుతుంది.

మూడు దారులు

ఇప్పటిదాకా చెప్పినదాంట్లోనే మూడు వేర్వేరు దారులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే గానీ ముందుకెళ్లలేం.

మొదటిది, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌నే నేరుగా అడగడం. ఫోల్డర్ తయారుచేయడం, పేరు మార్చడం, ఫైల్ సైజు చూడటం లాంటివి. పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్ చేసేది చాలావరకు ఇదే. లినక్స్‌లో 300కి పైగా సిస్టమ్ కాల్స్ ఉన్నాయి, వాటిలో రోజూ అవసరమయ్యేవాటిని దాదాపు అవే పేర్లతో ఈ మాడ్యూల్ అందిస్తుంది. కొత్త ప్రాసెస్ ఏదీ పుట్టదు. తేడా వస్తే కెర్నల్ ఇచ్చిన ఎర్రర్ నంబరే ఎక్సెప్షన్‌గా మారి వస్తుంది. 2 అంటే ఫైల్ లేదు, 13 అంటే అనుమతి లేదు.

రెండోది, ఇంకో ప్రోగ్రామ్‌ని నేరుగా నడపడం. గిట్‌నో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నో పేరు పెట్టి పిలిచి, ఆర్గ్యుమెంట్లని విడివిడిగా లిస్టులో ఇస్తాం. మూడోది, ఒక స్ట్రింగ్‌ని షెల్‌కి ఇచ్చి, చదువుకుని నువ్వే చూసుకో అనడం.

స్క్రిప్టులో మూడూ ఒకేలా కనిపిస్తాయి, ఒక లైన్, ఒక ఫంక్షన్ కాల్. అసలు గందరగోళం ఇక్కడే ఉంది. పైథాన్‌లో ఓఎస్.సిస్టమ్ ఎప్పుడూ మూడో దారే. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ మామూలుగా రెండో దారి, షెల్ అనే ఆర్గ్యుమెంట్‌ని ట్రూ చేస్తే మూడోది. జావాస్క్రిప్టుని నడిపే నోడ్‌లో ఎగ్జెక్ అంటే షెల్, ఎగ్జెక్‌ఫైల్ అంటే షెల్ లేదు. పెర్ల్, రూబీ ఇంకా తమాషా: సిస్టమ్ ఫంక్షన్‌కి ఒకే స్ట్రింగ్ ఇస్తే, అందులో షెల్‌కి ప్రత్యేకార్థం ఉన్న అక్షరాలు ఉంటే షెల్‌ని పిలుస్తాయి, లేకపోతే మామూలుగా స్పేస్‌ల దగ్గర విడగొట్టి నేరుగా నడిపేస్తాయి. విడివిడి ఆర్గ్యుమెంట్లు ఇస్తే అసలు షెల్ జోలికే పోవు. అంటే ఒకే లైన్ కోడ్, లోపలికి వచ్చిన డేటాని బట్టి దారి మార్చుకుంటుంది. వేగం కోసం చేసిన ఏర్పాటే గానీ, నాకు మాత్రం ఇది నచ్చదు. ఏ దారిలో వెళ్తున్నామో కోడ్ చూస్తే తెలియాలి.

షెల్ దగ్గర ఏం జరుగుతుంది

షెల్ కూడా ఒక ప్రోగ్రామింగ్ భాషే. మనం ఇచ్చే స్ట్రింగ్ దానికి ప్రోగ్రామ్. స్ట్రింగ్‌లో ఒక ఫైల్ పేరుని కలిపి పంపుతున్నామంటే, ఆ పేరుని ప్రోగ్రామ్‌లో భాగం చేస్తున్నామన్నమాట. పేరులో స్పేస్ ఉంటే రెండు పేర్లవుతాయి. సెమికోలన్ ఉంటే అక్కడితో ఒక కమాండ్ అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. యూనిక్స్ ఫైల్ పేర్లలో స్లాష్, నల్ బైట్ తప్ప ఏదైనా ఉండొచ్చు, కొత్త లైన్ గుర్తు కూడా. "మా ఫైళ్ల పేర్లు అలా ఉండవులే" అనుకోవడం, ఆ పేరు బయటి మనిషి ఎవరో పెట్టేదాకానే.

దాడి చేసేవాళ్లే ఉండక్కర్లేదు. 2015 జనవరిలో లినక్స్ మీద స్టీమ్ గేమ్ క్లయింట్ స్క్రిప్టులో ఒక బగ్ బయటపడింది. ఒక వేరియబుల్‌లో ఉన్న ఫోల్డర్ పేరు చివర స్లాష్, నక్షత్రం గుర్తు తగిలించి, ఆర్ఎమ్ కమాండ్‌తో అన్నీ చెరిపేసే లైన్ అది. ఏదో కారణంగా ఆ వేరియబుల్ ఖాళీ అయితే మిగిలేది స్లాష్, నక్షత్రమే. అంటే డిస్క్ మీద ఆ యూజర్‌కి చెరిపే అనుమతి ఉన్న ప్రతి ఫైలూ. రాసినవాళ్లకి అనుమానం లేకపోలేదు, పక్కనే కామెంట్‌లో భయంగా ఉందని రాసుకున్నారు కూడా. ఆ స్క్రిప్టులో కొటేషన్లు సరిగ్గానే ఉన్నాయి. ఖాళీ స్ట్రింగ్‌ని షెల్ తప్పుగా చూడదు, అదే అసలు సమస్య.

షెల్ ఏదన్నది ఇంకో చిక్కు. ఓఎస్.సిస్టమ్ పిలిచేది మీరు టెర్మినల్‌లో రోజూ వాడే బాష్‌ని కాదు, సిస్టమ్‌లో ఎస్‌హెచ్ అనే పేరుతో ఉన్నదాన్ని. డెబియన్, ఉబుంటుల్లో అది డాష్ అనే చిన్న షెల్. ఉబుంటు 2006లోనే దానికి మారింది. అందుకే టెర్మినల్‌లో చక్కగా నడిచిన కమాండ్ స్క్రిప్టులో పెడితే సింటాక్స్ ఎర్రర్ అంటుంది. ఈ మార్పు ఒకసారి అనుకోని మేలు చేసింది. 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్‌లో, బాష్ లేచేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఫంక్షన్ నిర్వచనం లాంటిది కనిపిస్తే దాని వెనక తగిలించిన కమాండ్‌ని కూడా నడిపేసేది. పాత పద్ధతి వెబ్ సర్వర్లు బ్రౌజర్ పంపిన హెడర్లని ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి స్క్రిప్టులకి ఇస్తాయి. ఆ స్క్రిప్టు ఎక్కడో ఒకచోట మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా షెల్‌ని పిలిస్తే చాలు, హెడర్‌లో రాసిన కమాండ్ సర్వర్ మీద నడిచినట్టే. గోడ దాటేవాటిలో ఎన్విరాన్‌మెంట్ ఉందని మర్చిపోతే ఏమవుతుందో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. డాష్‌కి ఈ జబ్బు లేదు కాబట్టి, ఎస్‌హెచ్ స్థానంలో డాష్ ఉన్న మెషీన్లలో ఈ దారి చాలావరకు మూసుకుపోయింది.

ఇంత చెప్పాక షెల్ అంటేనే పాపం అనుకోనక్కర్లేదు. నాలుగు కమాండ్లని పైపులతో కలపడం షెల్‌లో ఒక్క లైన్, పైథాన్‌లో రాస్తే ఒక పేజీ. స్ట్రింగ్ మొత్తం మీరు చేత్తో టైప్ చేసిందైతే, బయటి విలువ ఒక్కటీ అందులో కలవకపోతే, నిశ్చింతగా షెల్ వాడండి. ఒక్క విలువ కలిసినా లిస్టుకి మారండి. మధ్యేమార్గంగా షెల్‌ఎక్స్.కోట్ అనే ఫంక్షన్ ఉంది గానీ, అది ఎస్‌హెచ్ నియమాలకే పనికొస్తుంది.

లిస్టు పద్ధతికి మారినవాళ్లకి మొదట కొన్ని షాకులు తగులుతాయి. నక్షత్రం గుర్తు పనిచేయదు, ఇంటి ఫోల్డర్‌కి వాడే టిల్డ గుర్తు పనిచేయదు. ఇవన్నీ విడమరిచేది షెల్, మనం దాన్ని తప్పించాం కదా. వీటికి పైథాన్‌లోనే గ్లాబ్, పాత్‌లిబ్ ఉన్నాయి. లిస్టూ ఇచ్చి షెల్‌నీ ట్రూ చేస్తే ఇంకా విచిత్రం: యూనిక్స్‌లో మొదటి మాట ఒక్కటే కమాండ్ అవుతుంది, మిగతావి షెల్‌కి ఆర్గ్యుమెంట్లుగా పోతాయి. ఫైళ్ల లిస్టు వివరంగా కావాలని అడిగితే ఉత్త పేర్లే వస్తాయి, ఎర్రర్ ఉండదు. లిస్టు కూడా అన్నిటినీ ఆపలేదు. హైఫన్‌తో మొదలయ్యే ఫైల్ పేరుని అవతలి ప్రోగ్రామ్ ఆప్షన్ అనుకుంటుంది. దానికి ముందు రెండు హైఫన్లు విడిగా ఇవ్వడమో, పేరుకి ముందు చుక్క-స్లాష్ తగిలించడమో చేయాలి.

విండోస్‌లో ఈ లెక్క మొత్తం వేరు. అక్కడ కొత్త ప్రాసెస్‌కి కెర్నల్ ఇచ్చేది ఆర్గ్యుమెంట్ల లిస్టు కాదు, ఒకే పొడుగాటి స్ట్రింగ్. దాన్ని ముక్కలు చేసుకోవడం ఏ ప్రోగ్రామ్‌కి ఆ ప్రోగ్రామ్ బాధ్యత. మనం లిస్టు ఇస్తే పైథాన్ దాన్ని కొటేషన్లు పెట్టి మళ్లీ స్ట్రింగ్‌గా కలుపుతుంది, అవతలివాళ్లు మామూలు నియమాల ప్రకారమే విడగొడతారన్న నమ్మకంతో. బ్యాచ్ ఫైళ్ల దగ్గర ఈ నమ్మకం తప్పుతుంది. వాటిని నడిపేది సీఎండీ షెల్, దాని కొటేషన్ నియమాలు వేరు. 2024 ఏప్రిల్‌లో ఈ లోపం చాలా భాషల లైబ్రరీల్లో ఉందని వెల్లడైంది. రస్ట్ 1.77.2 దానికోసమే వచ్చింది. షెల్ వద్దని లిస్టు ఇచ్చినా చాటునుంచి షెల్ వచ్చి కూర్చుందన్నమాట.

పైపులో ఇరుక్కుపోవడం

ప్రోగ్రామ్‌ని నడిపాం, దాని అవుట్‌పుట్ మనకి కావాలి. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని పోపెన్‌తో నడిపి, అవుట్‌పుట్‌ని పైపులోకి మళ్లించి, చైల్డ్ ముగిసేదాకా ఆగే వెయిట్ పిలిచి, అయిపోయాక చదువుకుందామనుకుంటాం. చిన్న ఫైళ్లతో పరీక్షించినప్పుడు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒకరోజు పెద్ద ఫైల్ వస్తుంది, స్క్రిప్టు అలాగే నిలబడిపోతుంది. సీపీయూ వాడకం సున్నా. ఎర్రర్ లేదు.

లినక్స్‌లో పైపుకి మామూలుగా 65,536 బైట్ల చోటుంటుంది. అది నిండాక, ఎవరైనా చదివి ఖాళీ చేసేదాకా రాసేవాణ్ని కెర్నల్ ఆపేస్తుంది. చైల్డ్ రాయలేక ఆగింది. మనమేమో అది ముగిస్తే గానీ చదవమని వెయిట్‌లో కూర్చున్నాం. ఇక ఎవరూ కదలరు. పరీక్షల్లో బయటపడకపోవడానికి కారణం కూడా ఆ అంకే: అప్పుడు అవుట్‌పుట్ అంత లేదు. అవుట్‌పుట్ పైపుని చదువుతూ ఎర్రర్ల పైపుని పట్టించుకోకపోయినా ఇదే గతి, ఈసారి రెండోది నిండుతుంది. కమ్యూనికేట్ అనే మెథడ్ రెండింటినీ కలిపి ఖాళీ చేస్తూ ఉంటుంది. సబ్‌ప్రాసెస్.రన్ లోపల వాడేది దాన్నే, కాబట్టి పోపెన్‌ని నేరుగా ముట్టుకోవాల్సిన పని చాలామందికి ఉండదు.

ఇంకో రకం ఆలస్యం ఉంది, అది ఇరుక్కోవడంలా కనిపిస్తుంది గానీ కాదు. టెర్మినల్‌లో లైన్ తర్వాత లైన్ వచ్చే ప్రోగ్రెస్, స్క్రిప్టు నుంచి నడిపితే చివర్లో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. తన అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తోందా పైపులోకి వెళ్తోందా అని చాలా ప్రోగ్రామ్‌లు చూసుకుంటాయి. టెర్మినల్ అయితే లైన్ అవగానే పంపిస్తాయి, పైపైతే బఫర్ (పంపేముందు పోగుచేసుకునే చోటు) నిండాకే. ఇది చైల్డ్ తీసుకున్న నిర్ణయం, మన వైపు ఎన్ని బఫర్ సెట్టింగులు తిప్పినా లాభం లేదు. చైల్డ్ కూడా పైథానే అయితే దానికి మైనస్ యూ ఆప్షన్ ఇవ్వొచ్చు.

ఎగ్జిట్ కోడ్, టైమౌట్

యూనిక్స్‌లో ఎగ్జిట్ కోడ్‌కి ఉన్నది ఎనిమిది బిట్లు, 0 నుంచి 255 వరకు. 256 అని ముగిసే ప్రోగ్రామ్ బయటికి సున్నాగా కనిపిస్తుంది, అంటే విజయం! తప్పుల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చే టూల్స్ రాసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. యూనిక్స్ మీద ఓఎస్.సిస్టమ్ ఇచ్చే విలువ ఇంకోలా తికమక పెడుతుంది. 1తో ముగిసిన ప్రోగ్రామ్‌కి 256 అని వస్తుంది, ఎందుకంటే అది ఎగ్జిట్ కోడ్ కాదు, సిగ్నల్ (ప్రాసెస్‌ని ఆపడానికో చంపడానికో పంపే సంకేతం) వివరాలు కూడా కలిసిన వెయిట్ స్టేటస్. మెమరీ చాలక కెర్నల్ చంపేసిన ప్రోగ్రామ్ సబ్‌ప్రాసెస్‌లో -9గా కనిపిస్తుంది. మధ్యలో షెల్ ఉంటే అదే చావు 137 అవుతుంది, 128కి సిగ్నల్ నంబరు 9 కలిపి. 127 అంటే కమాండ్ దొరకలేదని. సబ్‌ప్రాసెస్.రన్ తనంతట తాను ఎగ్జిట్ కోడ్‌ని పట్టించుకోదు, చెక్ ఆర్గ్యుమెంట్‌ని ట్రూ చేస్తేనే ఎక్సెప్షన్ లేస్తుంది. అలాగని అన్నిచోట్లా ట్రూ పెట్టినా కుదరదు: గ్రెప్ వెతికిన మాట దొరక్కపోతే 1 ఇస్తుంది, అది వైఫల్యం కాదు, జవాబు.

టైమౌట్ సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. రన్‌కి 10 సెకన్ల టైమౌట్ ఇస్తే, గడువు దాటగానే పైథాన్ చైల్డ్‌ని చంపుతుంది. చైల్డ్‌ని మాత్రమే. మధ్యలో షెల్ ఉంటే చచ్చేది షెల్, అది నడిపిన అసలు ప్రోగ్రామ్ చాలాసార్లు బతికే ఉంటుంది. అవుట్‌పుట్ పైపు రెండో కొస ఇంకా దాని చేతిలోనే ఉంటుంది కాబట్టి, పైప్ మూసుకుంటుందని మన స్క్రిప్టు ఎదురుచూస్తూ గడువు దాటాక కూడా ఆగిపోవచ్చు. చైల్డ్‌ని కొత్త సెషన్‌లో మొదలుపెట్టి, చంపాల్సి వచ్చినప్పుడు ఓఎస్.కిల్‌పీజీతో గుంపు మొత్తానికి సిగ్నల్ పంపాలి. పైథాన్ 3.11 నుంచి ప్రాసెస్ గ్రూప్‌ని ఆర్గ్యుమెంట్‌గా నేరుగా ఇవ్వొచ్చు.

నేరు దారిలోనూ గుంతలున్నాయి

కెర్నల్‌ని నేరుగా అడిగితే ఈ గొడవలేవీ ఉండవు. అందుకే ఫైల్ కాపీకీ ఫోల్డర్ చెరపడానికీ కమాండ్లని పిలవకుండా షుటిల్, ఓఎస్ మాడ్యూళ్లు వాడమంటారు. కానీ ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, మెషీన్ మీద ఉన్నది మన స్క్రిప్టు ఒక్కటే కాదు. ఫైల్ ఉందా అని అడిగి, లేదంటే తయారుచేసే కోడ్‌లో, అడగడానికీ చేయడానికీ మధ్య ఇంకో ప్రాసెస్ దూరొచ్చు. అడగకుండా పని చేసేసి, ఎక్సెప్షన్ వస్తే చూసుకోవడమే సరైన పద్ధతి. లేకపోతేనే తయారుచెయ్యి అన్న షరతుని కెర్నల్‌కే అప్పగించడానికి ఓపెన్ ఫంక్షన్‌లో ఎక్స్ మోడ్ ఉంది.

సెట్టింగుల ఫైల్‌ని తిరగరాసేటప్పుడు కూడా ఇంతే. సగం రాశాక కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. తాత్కాలిక ఫైల్‌లో పూర్తిగా రాసి, ఎఫ్‌సింక్‌తో డిస్క్ మీదికి చేర్చి, ఓఎస్.రీప్లేస్‌తో అసలు పేరు మీదికి తేవాలి. యూనిక్స్‌లో ఈ పేరు మార్పిడి ఒకే అడుగులో జరుగుతుంది, చదివేవాళ్లకి పాత ఫైల్ గానీ కొత్తది గానీ కనిపిస్తుంది తప్ప సగం ఫైల్ కనిపించదు. తాత్కాలిక ఫైల్ కదా అని దాన్ని టెంప్ ఫోల్డర్‌లో పెడితే మాత్రం ఇది కుదరకపోవచ్చు. చాలా మెషీన్లలో అది వేరే ఫైల్ సిస్టమ్, వేరే ఫైల్ సిస్టమ్‌లోకి పేరు మార్చనంటూ కెర్నల్ 18వ నంబరు ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు షుటిల్.మూవ్‌కి మారితే ఎర్రర్ పోతుంది, కానీ అది లోపల కాపీ చేసి పాతదాన్ని చెరుపుతుంది కాబట్టి ఒకే అడుగు అన్న హామీ కూడా పోతుంది. తాత్కాలిక ఫైల్‌ని అసలు ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే తయారుచేస్తే రెండూ నిలుస్తాయి.